థండర్‌బర్డ్ 2 చెక్కాను, వీడియోలో మాత్రం బొమ్మలాగే ఉంది

పొణికి_చెక్క (ఇబ్రహీంపట్నం, ఎన్టీఆర్ జిల్లా)

అందరికీ నమస్కారం. ఈ విభాగంలో ఇదే నా మొదటి పోస్ట్.

మూడు నెలలుగా ఆదివారాలన్నీ కూర్చుని థండర్‌బర్డ్ 2 చెక్కాను. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. థండర్‌బర్డ్స్ అనేది 1965లో బ్రిటన్ టీవీలో మొదలైన కీలుబొమ్మల సీరియల్. ఎక్కడ ప్రమాదం జరిగినా కాపాడే ఒక కుటుంబం, వాళ్ల దగ్గర ఐదు వాహనాలు. రెండోది ఆకుపచ్చ రంగు రవాణా విమానం. పొట్ట దగ్గర ఒక పెద్ద పెట్టె ఉంటుంది, దాన్ని పాడ్ అంటారు. అవసరాన్ని బట్టి ఆరు పాడ్లలో ఒకటి తగిలించుకుని వెళ్తుంది. దిగాక నాలుగు కాళ్ల మీద పైకి లేచి, పాడ్‌ను నేల మీద వదులుతుంది. చిన్నప్పటి నుంచి యూట్యూబ్‌లో ఆ ఒక్క షాట్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

మాది కొండపల్లికి దగ్గరే, అందుకని మోడళ్లకు మామూలుగా వాడే బాల్సా చెక్క కోసం తిరగలేదు. తెల్ల పొణికి తీసుకున్నాను. బెండులా తేలిగ్గా ఉంటుంది, ఉలికి బాగా లొంగుతుంది. అతుకులకు చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడాను. కథలో ఆ విమానం పొడవు 250 అడుగులు, అంటే దాదాపు 76 మీటర్లు. నాది 38 సెంటీమీటర్లు. అంటే 200కి ఒకటో వంతు.

ఎనామిల్ పచ్చరంగు రెండు కోట్లు వేశాను, అద్దంలా మెరుస్తోంది. నైలాన్ దారంతో వేలాడదీసి ఫోన్‌తో తీశాను. చేతిలో చూస్తే చాలా బాగుంది. వీడియోలో మాత్రం ఎవరో పిల్లవాడు బొమ్మ ఊపుతున్నట్టే ఉంది. వాళ్లవీ బొమ్మలే కదా, వాటికి అంత బరువు ఎలా వచ్చింది? పెద్దలు చెప్పండి.

బాల్సా_బాబాయి (హైదరాబాద్)

తమ్ముడూ, ఫోటో చూశాను. రెక్కలు ముందుకు వంగిన తీరు చక్కగా పట్టావు. దాన్ని గీసిన, ఆ సీరియల్ స్పెషల్ ఎఫెక్ట్స్ చూసుకున్న డెరెక్ మెడ్డింగ్స్ ఆ రెక్కలను మామూలు విమానాల కంటే వేరుగా కనిపించాలనే అలా పెట్టాడు. అంతకు మించి గాలి లెక్కలేమీ లేవు. అయినా కళ్లకు ఎంత నిండుగా ఉంటుందో చూడు.

నీ మొదటి తప్పు ఆ మెరుపే. అంత పెద్ద విమానం నిజంగా ఉంటే దాని మీద సూర్యుడి మెరుపు అలా ఒక్క ముద్దలా పడదు. చిన్న వస్తువు మీద మెరుపు పడగానే మన కన్ను "ఇది అరచేతి వస్తువు" అని కొలిచేస్తుంది. మెడ్డింగ్స్ బృందం ప్రతి మోడల్‌నూ కావాలనే మురికి చేసేది. రంగు ఆరాక పెన్సిల్‌తో రేకుల అతుకుల గీతలు, ఇంజిన్ల వెనక మసి, నూనె కారిన చారలు, తలుపుల దగ్గర అరుగుదల, చిన్న చిన్న అక్షరాలు. అప్పటిదాకా టీవీలో రేపటి కాలపు రాకెట్ అంటే కొత్త గిన్నెలా తళతళలాడేది. వీళ్ల వాహనాలు మాత్రం రోజూ డ్యూటీకి వెళ్లి వచ్చినట్టు ఉంటాయి. నాకు తెలిసి ఆ సీరియల్ చేసిన అసలు పని అది.

ముందు 600 నంబరు ఎమెరీ పేపరు తడిపి తేలిగ్గా రుద్ది, మ్యాట్ వార్నిష్ కొట్టు. తర్వాత హెచ్‌బీ పెన్సిల్, స్కేలు తీసుకో. గీతలు గట్టిగా గీయకు. 200కి ఒకటో వంతులో ఒక మిల్లీమీటరు గీత అంటే నిజంలో 20 సెంటీమీటర్ల సందు. అంత సందున్న విమానం ఎగరదు.

చిన్న భాగాలకు ప్లాస్టిక్ కిట్లలో మిగిలిన ముక్కలు దాచుకో, వాళ్లూ అలాగే చేసేవాళ్లు. థండర్‌బర్డ్ 1 ఉండే హ్యాంగర్ గోడ మీద నిమ్మకాయ పిండుకునే ప్లాస్టిక్ గిన్నె అతికించారు. తెలిశాక చూస్తే కనిపిస్తుంది, తెలియకపోతే ఏదో యంత్రమే.

ఫోకస్_పుల్లర్ (చెన్నై)

బాబాయి గారు చెప్పింది సగం. మిగతా సగం కెమెరా వేగం. నేను సినిమాల్లో కెమెరా విభాగంలో పనిచేస్తాను, ఈ లెక్క మాకు రోజువారీ పని.

పెద్ద వస్తువు పడటానికి ఎక్కువ సమయం పడుతుంది, చిన్నది చటుక్కున పడిపోతుంది. పడే సమయం ఎత్తుకు వర్గమూలంలా పెరుగుతుంది. అందుకని స్కేలుకి వర్గమూలం కట్టి, దాన్ని సినిమా మామూలు వేగమైన సెకనుకు 24 ఫ్రేములతో హెచ్చించాలి. 25వ వంతు మోడల్ అయితే వర్గమూలం 5, అంటే సెకనుకు 120 ఫ్రేములు. అలా తీసి 24 దగ్గర చూపిస్తే పొగ, దుమ్ము, ఊగిసలాట అన్నీ నెమ్మదిస్తాయి, బరువు వస్తుంది. మెడ్డింగ్స్ వాళ్లు చాలా మోడల్ షాట్లు 72 నుంచి 120 ఫ్రేముల మధ్య తీశారు.

మీది 200వ వంతు కదా. వర్గమూలం 14 చిల్లర, కాబట్టి దాదాపు 340 ఫ్రేములు కావాలి. మామూలు ఫోన్లలో స్లో మోషన్ 240 దగ్గర ఆగుతుంది, అది 100వ వంతు మోడల్‌కి సరిపోతుంది. అంటే 76 సెంటీమీటర్ల విమానం. ఇప్పుడున్నదానితో కూడా 240లో తీసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఫోన్ వల్ల ఒక లాభం కూడా ఉంది. సెన్సర్ చిన్నది కాబట్టి దగ్గరి నుంచి దూరం దాకా ఫోకస్ బాగానే నిలుస్తుంది. వాళ్లకు ఆ సుఖం లేదు. మోడల్ అంతా స్పష్టంగా రావాలంటే లెన్స్ రంధ్రం చిన్నది చేయాలి, దానికితోడు ఫ్రేములు ఎక్కువ. రెండూ వెలుతురు మింగేవే. అందుకే ఆ సెట్లలో లైట్లు మంటలా కాసేవి.

కెమెరాను పై నుంచి పెట్టకండి. ఆ లోకంలో నిలబడిన మనిషి కన్ను ఎక్కడుంటుందో అక్కడ, అంటే మీ బల్ల మీద ఒక సెంటీమీటరు ఎత్తులో లెన్స్ ఉండాలి.

పొణికి_చెక్క

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. మెరుపు తీసేశాను, గీతలు సగం అయ్యాయి. నిన్న రాత్రి 240లో తీశాను. కదలిక నిజంగా మారిపోయింది, నేనే నమ్మలేకపోయాను. కానీ వీడియో అంతా వెలుగు చీకటిగా కొట్టుకుంటోంది. ఫోన్ పాడైందేమో అని టెన్షన్ పడ్డాను.

ఫోకస్_పుల్లర్

ఫోన్ బాగానే ఉంది. అది మీ ట్యూబ్‌లైటు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు, దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. మామూలుగా కంటికి తెలియదు, 240 ఫ్రేముల్లో దొరికిపోతుంది. పగలు డాబా మీద ఎండలో తీయండి. ఒకే సూర్యుడు, ఒకే నీడ, అది కూడా నిజమైన విమానానికి పడే నీడలాగే ఉంటుంది.

స్లౌ_నుంచి (స్లౌ, ఇంగ్లండ్)

ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. ఆ వాహనాలన్నీ తయారైంది మా ఊళ్లోనే. స్లౌ ట్రేడింగ్ ఎస్టేట్‌లో, ఫ్యాక్టరీల మధ్య ఒక మామూలు షెడ్డులో, ఈ సీరియల్ తీసిన దంపతులు గెర్రీ ఆండర్సన్, సిల్వియా ఆండర్సన్‌ల స్టూడియో ఉండేది. నేను ఆ దారిలోనే ఆఫీసుకి వెళ్తాను.

నాకు పరిచయమైంది మాత్రం 1991లో బీబీసీ టూ మళ్లీ వేసినప్పుడు. నాన్న గుంటూరులో చదివి ఇక్కడికి వచ్చిన డాక్టరు. 1992 క్రిస్మస్‌కి, కథలో ఆ కుటుంబం ఉండే దీవి ట్రేసీ ఐలాండ్ బొమ్మ దేశమంతా దొరకలేదు. తర్వాతి జనవరిలో బ్లూ పీటర్ అనే పిల్లల కార్యక్రమంలో అట్టపెట్టెలు, కాగితం గుజ్జుతో ఆ దీవిని ఇంట్లోనే ఎలా చేసుకోవాలో చూపించారు. నాన్న నైట్ డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోకుండా నాతో కూర్చుని చేశారు. అమ్మ మైదా పిండి ఉడికించి జిగురు చేసి ఇచ్చింది. ఈత కొలను పక్కకి జరిగితే కింద నుంచి థండర్‌బర్డ్ 1 లేవాలి, గుండ్రటి ఇంటి మధ్యలోంచి 3 లేవాలి, కొండ తలుపు తెరుచుకుని 2 వస్తుంటే దారిలో తాటిచెట్లలాంటివి రెండు పక్కలకూ వాలిపోవాలి. మా చెట్లు వాలేవి కావు, నాన్న ప్రతిసారీ వేలితో వాల్చేవారు. ఆయన లేరిప్పుడు. ఆ దీవి మా అటక మీద ఉంది.

అసలు వాహనాలకు అంత ప్రాధాన్యం ఎందుకు వచ్చిందో తెలుసా? బొమ్మలు నడవలేవు కాబట్టి. తీగల మీద వేలాడే బొమ్మ అడుగు వేస్తే పాదం నేలను తాకీ తాకనట్టు ఉంటుంది, శరీరం పైకీ కిందకీ ఊగుతుంది. పైగా వాటి తలలు పెద్దవి. పెదవులు కదిలించే విద్యుదయస్కాంతం తలలోనే ఉండేది. ముందే రికార్డు చేసిన మాటల నుంచి వచ్చే కరెంటు సంకేతం ఆ సన్నటి తీగల గుండానే లోపలికి వెళ్లి పెదవిని ఆడించేది. అటువంటి బొమ్మను హీరోలా నడిపించడం కుదరదు. కూర్చోబెడితే మాత్రం అద్భుతంగా ఉంటుంది. అందుకే వాళ్ల అంతకుముందు సీరియళ్లూ వాహనాలవే: 1961లో సూపర్‌కార్, తర్వాత ఫైర్‌బాల్ ఎక్స్‌ఎల్5, 1964లో స్టింగ్‌రే జలాంతర్గామి. హీరో కూర్చుంటాడు, వాహనం కదులుతుంది. థండర్‌బర్డ్స్‌లో పైలట్ గోడకు ఆనుకుంటే గోడే తిరుగుతుంది, ఇంకొకడు బొమ్మ పటం దగ్గర నిలబడితే తలకిందులుగా జారిపోతాడు, మరొకడు సోఫాతో సహా కిందికి దిగుతాడు. అన్నీ నడక తప్పించడానికే.

తోలుబొమ్మ_తెర (అనంతపురం)

అక్కా, ఈ మాట మా వైపు నుంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మా దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. తోలుబొమ్మ తెరకు ఆనుకుని ఉంటుంది, ప్రేక్షకుడికి నీడే కనిపిస్తుంది. పాదం నేలకు తగిలిందా లేదా అని ఎవరూ అడగరు. హనుమంతుడు ఒక్క ఊపులో సముద్రం దాటేస్తాడు. తీగల బొమ్మకు మాత్రం వెనక నిజమైన గది, నిజమైన నేల ఉంటాయి. అంత నిజం పక్కన పెట్టేసరికి నడక దొరికిపోయింది.

పిక్సెల్_పవన్ (బెంగళూరు)

నేను వేరే మాట అంటాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. నేను యానిమేషన్‌లో పనిచేస్తాను. పాత ఎపిసోడ్లలో తీగలు కనిపిస్తాయి, మంటలు కొన్నిచోట్ల గ్యాస్ పొయ్యి మంటలా ఉంటాయి. మంటకూ నీటికీ స్కేలు లేదు, నీటి చుక్క ఎంత చిన్న మోడల్ దగ్గరైనా అంతే ఉంటుంది. కంప్యూటర్‌లో ఇవన్నీ సరిచేయొచ్చు. 2015లో వచ్చిన కొత్త సీరియల్‌లో వాహనాలు కంప్యూటర్‌వే, నాకు అవి నచ్చాయి.

బాల్సా_బాబాయి

పవన్, నీటి గురించి నువ్వన్నది నూటికి నూరు నిజం. అందుకే స్టింగ్‌రేలో సముద్రం షాట్లకు మోడల్‌ను నీళ్లలో ముంచలేదు. కెమెరాకూ సెట్‌కూ మధ్య సన్నటి గాజు తొట్టి పెట్టి, అందులో నీళ్లు, చిన్న చేపలు, గాలి బుడగలు. జలాంతర్గామి ఆ తొట్టి వెనక పొడిగానే తీగల మీద వెళ్తుంది. లోపాన్ని కప్పడం కాదది, లోపం ఎక్కడుందో తెలిసి దానికి దూరంగా ఉండటం.

2015 సీరియల్‌లో కూడా బొమ్మలూ వాహనాలూ కంప్యూటర్‌వే అయినా, వెనకున్న సెట్లు చాలావరకు చేత్తో కట్టిన మినియేచర్లు. న్యూజిలాండ్‌లో వేటా వర్క్‌షాప్ చేసింది. చెక్క మీద, మట్టి మీద వెలుతురు పడే తీరును వాళ్లూ వదులుకోలేదు.

తీగల సంగతికి వస్తే, వెనక ఏ రంగు ఉంటే ఆ రంగు పొడి తీగ మీద చల్లి కనబడకుండా చేసేవాళ్లు. కనిపించినవి కొన్ని మిగిలాయి, ఒప్పుకుంటాను. నా కళ్లకు అవి అడ్డం రాలేదు.

పిక్సెల్_పవన్

సెట్ల సంగతి నాకు తెలియదు బాబాయ్ గారూ. ఈ వారం మళ్లీ చూస్తాను, ఈసారి వెనకవైపు చూస్తాను.

నల్లబంగారం (కొత్తగూడెం)

నేను బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరయిన మనిషిని. మీ బొమ్మల సంగతి నాకు మనవడు చెప్పాడు. ఈ సీరియల్ ఎట్లా పుట్టిందో ఇక్కడ ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా.

1963 అక్టోబరులో జర్మనీలో లెంగెడె అనే ఊళ్లో ఇనుప గనిలోకి నీళ్లు చొరబడ్డాయి. 29 మంది చనిపోయారు. పైనున్న వాళ్లు ఇక ఎవరూ బతికి లేరని అనుకున్న తర్వాత కూడా కొంతమంది లోపల ప్రాణాలతో ఉన్నట్టు తెలిసింది. భారీ డ్రిల్లింగ్ యంత్రాన్ని దూరం నుంచి తెప్పించవలసి వచ్చింది. నవంబరు 7న, రెండు వారాల తర్వాత, 11 మందిని బోరు రంధ్రం గుండా గొట్టంలాంటి క్యాప్సూల్‌లో పైకి లాగారు. ఆ వార్త విని, అటువంటి యంత్రాలు అన్నీ ఒకచోట సిద్ధంగా ఉండి క్షణాల్లో చేరుకుంటే ఎంత బాగుండు అని గెర్రీ ఆండర్సన్‌కు తట్టింది. థండర్‌బర్డ్ 2 అంటే అదే. కావలసిన యంత్రాన్ని పాడ్‌లో వేసుకొని పోవుడు. అందులో మోల్ అనే నేల తొలిచే బండి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మాకు అది కథ కాదు.

1989 నవంబరులో బెంగాల్‌లో రాణీగంజ్ ప్రాంతపు మహావీర్ గనిలో నీళ్లు వచ్చినప్పుడు జస్వంత్ సింగ్ గిల్ గారు ఇట్లాగే బోరు వేయించి, ఉక్కు క్యాప్సూల్ చేయించి, తానే అందులో కిందికి దిగి 65 మందిని ఒక్కొక్కరిగా పైకి పంపించారు. ఆఖరున ఆయన వచ్చారు. ఆ వార్త వచ్చిన రోజు మా క్వార్టర్లలో ఎవరూ నిద్రపోలేదు.

స్లౌ_నుంచి

బాబాయి గారూ, ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. కథలో ఆ వాహనాలు నడిపే ఐదుగురు అన్నదమ్ముల పేర్లు అమెరికా తొలి వ్యోమగాములవి: స్కాట్, వర్జిల్, అలన్, గోర్డన్, జాన్. సీరియల్ పేరు మాత్రం గెర్రీ అన్నగారు లయొనెల్ ఉత్తరం నుంచి వచ్చింది. ఆయన యుద్ధకాలంలో అమెరికాలో పైలట్ శిక్షణలో ఉండగా, దగ్గర్లోని థండర్‌బర్డ్ ఫీల్డ్ గురించి ఇంటికి రాశారు. 1944లో యుద్ధంలో చనిపోయారు.

పొణికి_చెక్క

పెద్దాయన రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

పని ముందుకు సాగింది. ఎండలో తీస్తే మిణుకు పోయింది. ఇప్పుడు కొత్త చిక్కు. దిగే షాట్ కోసం దారం కట్టి లాగుతుంటే విమానం వణుకుతోంది.

ఫోకస్_పుల్లర్

లాగకండి. నిజం విమానం దిగేటప్పుడు సెకనుకు 70 మీటర్లు వెళ్తుందనుకోండి, దాన్ని మీ స్కేలు వర్గమూలం 14తో భాగిస్తే 5 మీటర్లు. అంత వేగంగా దారం మీద లాగుతూ వణక్కుండా చూడటం ఎవరి వల్లా కాదు. మెడ్డింగ్స్ చేసిన పని ఏమిటంటే, విమానాన్ని కదలకుండా వేలాడదీసి నేలను కదిలించాడు. రెండు రోలర్ల మీద కాన్వాస్ గుడ్డ చుట్టలా తిరుగుతుంది, దాని మీద రన్‌వే గీసి ఉంటుంది. దాన్ని రోలింగ్ రోడ్ అంటారు. ముందున్న గడ్డి ఒక బెల్టు, రోడ్డు ఒకటి, వెనకున్న చెట్లు ఇంకొకటి. దగ్గరిది వేగంగా, దూరంది నెమ్మదిగా. వెనక ఆకాశం కూడా అలాగే తిరుగుతుంది.

మొదటి ఎపిసోడ్ క్లైమాక్స్ అంతా దాని మీదే నడుస్తుంది. ఫైర్‌ఫ్లాష్ అనే విమానం చక్రాల దగ్గర బాంబు ఉండటంతో చక్రాలు దించకుండా, కింద పరుగెత్తే బళ్ల మీద దిగాలి. ఆ ఎపిసోడ్ చూశాకే, సీరియల్‌కి డబ్బు పెట్టిన లూ గ్రేడ్ అరగంట సీరియల్‌ని గంట సీరియల్‌గా మార్చమన్నాడు.

పొణికి_చెక్క

పాత దుప్పటి, రెండు పీవీసీ గొట్టాలు, కుట్టుమిషన్ మోటారుతో చేశాను. తిరుగుతోంది! కానీ ఇరవై చుట్లకే గుడ్డ ఒక పక్కకి జరిగి గొట్టం మీద నుంచి ఊడిపోతోంది.

నల్లబంగారం

ఇది నా పని. బొగ్గు కన్వేయర్ బెల్టులతో ముప్పై ఏళ్లు కొట్లాడాను. గొట్టం సమానంగా ఉంటే బెల్టు ఎటైనా పోతది. మధ్యలో కొంచెం లావు, అంచుల వైపు సన్నం ఉండాలి. అప్పుడు బెల్టు తనంతట తనే మధ్యలోకి వస్తది. నీ గొట్టం నడుమ టేపు ఐదారు చుట్లు చుట్టు, పక్కలకు తగ్గించుకుంటూ పో. రెండు గొట్టాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో నాలుగు మూలలూ దారంతో కొలువు. దుప్పటి సాగుతది, దాని బదులు టార్పాలిన్ లాంటి మందపు గుడ్డ పెట్టు.

పొణికి_చెక్క

బాబాయ్ గారూ, నిలిచింది! పది నిమిషాలు తిప్పాను, ఒక్క అంగుళం జరగలేదు. మా అమ్మ కూడా వచ్చి చూసింది.

చివరిగా ఒక్కటి. దిగినప్పుడు లేచే దుమ్ముకి ఏం వాడాలి? ఇసుక వాడితే రాళ్లు ఎగిరినట్టు ఉంది.

బాల్సా_బాబాయి

వాళ్లు వాడింది ఫుల్లర్స్ ఎర్త్. మన ఇళ్లలో ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి అదే. పాత నూలు చీరలో రెండుసార్లు జల్లించు, ఇంజిన్ వెనక సన్నటి గొట్టంతో ఊదు. ముక్కుకి గుడ్డ కట్టుకో. వాళ్లు చిన్న రాకెట్ మోటార్లు, మందుగుండు కూడా వాడారు, నువ్వు వాటి జోలికి పోకు. డాబా మీద పిల్లలు తిరుగుతుంటారు.

ఇంకోటి. ఆ మోడళ్లు ఒక్కో వాహనానికి వేర్వేరు సైజుల్లో ఉండేవి, థండర్‌బర్డ్ 2 అసలు మోడల్ పాడైతే మళ్లీ చేయించారు. కొత్తదాని రంగూ ఆకారమూ మొదటిదాని లాగా రాలేదని మెడ్డింగ్స్ చాలాకాలం బాధపడ్డాడు. తర్వాత ఆయన జేమ్స్‌బాండ్ సినిమాలకు, సూపర్‌మ్యాన్‌కు పనిచేశాడు, ఆస్కార్ కూడా వచ్చింది. అయినా ఆ పచ్చ విమానం సంగతి మర్చిపోలేదు. అందుకని నీ కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకో తమ్ముడూ.

పొణికి_చెక్క

రాసి పెట్టాను బాబాయ్. ముల్తానీ మట్టి తెచ్చాను, అక్క చీర కూడా ఇచ్చింది. ఆదివారం పొద్దున తొమ్మిదికి మా డాబా మీదికి ఎండ వస్తుంది. ముందు దిగే షాట్, తర్వాత కాళ్ల మీద లేచి పాడ్ వదిలే షాట్. కాళ్లకు సైకిల్ చువ్వలు పెట్టాను, కింద నుంచి నాలుగూ ఒకేసారి నెట్టాలి, తమ్ముడు నెడతానన్నాడు.

స్లౌ_నుంచి

పాడ్ తలుపు తెరుచుకునేటప్పుడు తొందరపడకండి. వీడియో ఎప్పుడు పెట్టినా సరే, ఇక్కడ తెల్లవారుజామైనా లేచి చూస్తాను.